మా జేజి నమిలిన బియ్యం

నా చిన్నప్పుడు మా ఊరి పిల్లలందరికీ దయ్యాలంటే భయం. నాకు మాత్రం బియ్యమంటే భయం. నవ్వుకుంటే నవ్వుకోండి. వండిన అన్నం ఎంతైనా తినేదాన్ని కానీ, చేటలో పచ్చి బియ్యం కనబడితే అరచేతులు చెమట పట్టేవి. కోడుమూరు చుట్టుపక్కల మెట్ట ఊళ్ళలో పుట్టిన నా వయసు వాళ్ళకైతే కారణం చెప్పనక్కరలేదు. తెలియని వాళ్ళ కోసం చెబుతాను.

మా వైపు ఇంట్లో వస్తువు పోతే పోలీసుల దాకా ఎవరూ పోయేవాళ్ళు కాదు. బియ్యం పెట్టించేవాళ్ళు. పక్క ఊరి నుంచి ఒక ముసలాయన వచ్చి, దేవుడి పటం ముందు పసుపు కలిపిన బియ్యం పెట్టి మంత్రం చదివేవాడు. అనుమానం ఉన్న వాళ్ళందరినీ వరసగా కూర్చోబెట్టి తలా ఇంత నోట్లో పోసేవాడు. దాన్ని నమిలి ఆకులో ఉమ్మాలి. తడిసి ముద్దగా వస్తే మంచి మనిషి. పొడిపొడిగా పిండిలా రాలితే దొంగ. తప్పు చేసిన నోట్లో తడిని స్వామి పీల్చేస్తాడని ఊరంతా నమ్మేది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు గొర్రెపిల్ల పోయిందని ఒకాయనకు బియ్యం పెడితే పొడిగా ఉమ్మాడు. ఆయన్ను చావిడి స్తంభానికి కట్టేశారు. వారం తిరక్కుండా పెళ్ళాం బిడ్డలతో ఊరు వదిలిపోయాడు. గొర్రెపిల్ల సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. ఆ స్తంభం దగ్గర ఆయన తల వంచుకొని నిలబడటం నేను మా నాయన భుజం మీద నుంచి చూశాను.

నాకు తొమ్మిదేళ్ళు. ఆ వేసవిలో మా అమ్మ కాన్పుకు పుట్టింటికి పోయింది, నాయన ఆమె దగ్గరే ఉన్నాడు. ఇంట్లో మా జేజి, అంటే మా నాయనమ్మ, మా చిన్నాయన, కొత్తగా కాపురానికి వచ్చిన మా చిన్నమ్మ, నేను. చిన్నమ్మది బద్వేలు. ఆమెకు ఎర్రరాళ్ళ కమ్మలు ఒక జత ఉండేవి. చనిపోయిన వాళ్ళమ్మ చేయించినవి. అస్తమానం పెట్టుకునేది కాదు, లోపలి గదిలో గూట్లో ఒక చిన్న డబ్బాలో దాచుకునేది. రోజుకొకసారి మూత తీసి చూసుకొని మళ్ళీ మూసేది. అలా దాచిపెడితే పిల్లల కళ్ళు ఊరుకుంటాయా?

అవి రోహిణి ఎండలు. వానలు పడేలోపల విత్తనానికి బుడ్డలు ఒలవాలి. వేరుశనగ కాయల్ని మేం బుడ్డలంటాం. ఐదుగురు ఆడవాళ్ళు మా వాకిట్లో చెట్టు నీడన కూర్చొని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒలిచేవాళ్ళు. నలుగురు ఒక చోట కూర్చునేవాళ్ళు. ఐదో ఆమె ఊరి బయట చర్చి గేరి, అంటే చర్చి వాడ నుంచి వచ్చేది. ఆమె కాస్త ఎడంగా, నీడ అంచున కూర్చునేది. నీడ జరిగేకొద్దీ ఆమె మీద ఎండ పడేది. దాహమైతే మిగతా నలుగురూ పెరట్లో బావి దగ్గరికి పోయి తాగొచ్చేవాళ్ళు. ఈమె దోసిలి పడితే చిన్నమ్మ ఎత్తు నుంచి పోసేది. అదేమిటని అడిగే తెలివి నాకు లేదు. పొద్దు పొడవడం ఎట్లాగో అదీ అట్లాగే అనుకునేదాన్ని. ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. ఒలిచేటప్పుడు మూడు గింజల కాయ దొరికితే ఒలవకుండా కొంగున ముడేసుకొని, నేను ఆడుకొని వచ్చేసరికి నా చేతిలో పెట్టేది.

ఒక మధ్యాహ్నం నేను లోపలి గదిలో దూరి కమ్మలు రెండూ చెవులకు పెట్టుకున్నాను. ఎడమ కమ్మ సీల సరిగా బిగియలేదు. అద్దంలో చూసుకుంటూ తల అటూ ఇటూ తిప్పుతూ ఉంటే గూటి అంచు మీద నల్ల తేలు, కొండి పైకెత్తుకొని ఉంది. పై ప్రాణాలు పైనే పోయాయి. అరుచుకుంటూ వాకిట్లోకి పరుగెత్తి, బుడ్డల పొట్టు కుప్ప మీద బోర్లా పడ్డాను. ఆ సమయానికి నలుగురు ఆడవాళ్ళూ నీళ్ళు తాగడానికి బావి దగ్గరికి పోయారు, చిన్నమ్మ వాళ్ళకు నీళ్ళు చేదుతోంది. వాకిట్లో మిగిలింది ఆ అక్క ఒక్కతే. బావి దగ్గరికి పోవడానికి లేదు కాబట్టే మిగిలింది. నన్ను లేవదీసి, నేను వేలు చూపిస్తే, వెనకా ముందూ చూడకుండా గడప దాటి లోపలికి పోయి చీపురు కట్ట తిరగేసి తేలును చంపింది. అప్పుడు నా కుడి చెవి చూసింది.

"మీ చిన్నమ్మ చూసేలోపల తీసి ఆడనే పెట్టేయ్ పాపా," అని మాత్రం అని బయటికి పోయింది.

ఆమె గడప దాటి బయటికి వస్తుండగా చిన్నమ్మ చూసింది. తేలు సంగతి చెబితే విన్నది. విని, పసుపు నీళ్ళు తెచ్చి గడప కడిగింది. అంతే. ఇక్కడ నేను చెవులు తడుముకుంటే ఎడమ చెవికి కమ్మ లేదు. గదంతా వెతికాను. వాకిట్లో వెతకడానికి ధైర్యం చాల్లేదు. ఉన్న ఒక్క కమ్మనూ డబ్బాలో పెట్టి మూత వేశాను. మూత వేస్తే తప్పు కూడా మూతపడుతుందని తొమ్మిదేళ్ళ బుర్రకు తోచింది. అప్పటికే మా చిన్నమ్మ ఆ పూట డబ్బా తీసి చూసుకోవడం అయిపోయింది, మర్నాడు చూసింది.

ఆమె ఏడ్చిన ఏడుపు నాకిప్పటికీ చెవుల్లో ఉంది. వాళ్ళమ్మ మళ్ళీ చనిపోయినట్టు ఏడ్చింది. గడప దాటిందెవరు అన్న మాట ఎవరి నోట మొదట వచ్చిందో తెలియదు కానీ, మధ్యాహ్నానికల్లా వీధి వీధంతా ఆ ఒక్క మాటే. మా చిన్నాయన చెడ్డవాడు కాదు. కానీ పెళ్ళాం ఏడుపు, వీధి మాటలు రెండూ కలిసి తలకెక్కాయి. జేజి ఒక్కతే నిదానంగా అడిగింది. "రెండు కమ్మలుంటే ఒకటి పెట్టి ఒకటి తీసుకపోయే దొంగను నేను యాడా చూళ్ళేదప్పా." చిన్నాయన, అదంతా బియ్యమే చెప్తాదిలేమ్మా అని పక్క ఊరికి మనిషిని పంపాడు.

ఆ రాత్రి నేను అన్నం తినలేదు. మా ఇంట్లో అహోబిలం స్వామి పటం ఉండేది. ఒడిలో రాక్షసుడు, గోళ్ళు, పేగులు. అన్నిరోజులూ చూస్తూ తిరిగిన పటమే. ఆ రోజు మాత్రం స్వామి రాక్షసుడి వైపు కాక నా వైపు చూస్తున్నాడు. చెప్పేద్దామని రెండుసార్లు జేజి మంచం దాకా పోయాను. రెండుసార్లూ నీళ్ళు తాగడానికి లేచినట్టు నటించి వెనక్కు వచ్చాను. తేలు కుట్టిన దొంగ అంటారే, నన్ను కుట్టకుండానే అట్లా అయ్యాను.

పొద్దున్నే ఆ ముసలాయన వచ్చాడు. వాకిట్లో పటం పెట్టి, పసుపు బియ్యం కలిపాడు. ఐదుగురు ఆడవాళ్ళనూ వరసగా కూర్చోబెట్టారు. అక్కడా ఆ అక్కను ఎడంగానే కూర్చోబెట్టారు. చిన్నాయన చావిడి నుంచి ఇద్దరు మనుషుల్ని పిలిపించి ఉంచాడు. వాళ్ళలో ఒకాయన భుజం మీద పగ్గం ఉంది. దాన్ని చూశాక నేను తలుపు చాటుకు జరిగాను. కానీ నిజం చెప్పాలి, మనసులో ఒక మూల హాయిగా కూడా ఉంది. బియ్యం కూలోళ్ళకు గదా, ఇంట్లో వాళ్ళకు పెట్టరు గదా అనుకున్నాను. ఆ హాయి తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

జేజి వచ్చి వరస ముందు నిలబడింది. పోయింది ఇంట్లో వస్తువు కాబట్టి ఇంట్లో వాళ్ళు కూడా నమలాల్సిందే అన్నది. ముందు మనం, తర్వాత వాళ్ళు అన్నది. చిన్నాయనకు మొహం మాడిపోయింది. వీధిలో తల ఎత్తుకోవద్దా అన్నాడు. జేజి, "తప్పు చేయకుంటే నీ తల యాడికి పోతాది?" అని మోదుగాకులు ఒకటొకటిగా పంచడం మొదలుపెట్టింది.

నేను వంటింట్లోకి పరుగెత్తాను. ఎందుకు పరుగెత్తానో ఎవరూ అడగలేదు, పిల్లలు ఎప్పుడూ పరుగెత్తుతూనే ఉంటారు గదా. కుండలో నుంచి చింతపండు ఒక పిడచ తీసి బుగ్గన పెట్టుకున్నాను. ఎవరూ నేర్పలేదు. బతకాలన్న భయం ఉంటే ఎవరికైనా తెలివి అదే పుట్టుకొస్తుంది కాబోలు. తిరిగి వచ్చేసరికి నోటినిండా నీళ్ళు.

చిన్నాయన నమిలి ముద్దగా ఉమ్మాడు. చిన్నమ్మా అంతే. నా వంతు వచ్చింది. ముసలాయన పోసిన బియ్యం నమిలాను. ఆకులో ఉమ్మాను. చక్కగా తడిసి ముద్దగా పడింది. ముసలాయన వంగి చూసి తల ఊపి ముందుకు పోయాడు. వెనక వస్తున్న మా జేజి కూడా వంగి చూసింది. ముద్ద చుట్టూ చింతపండు రంగు ఉంది. జేజి నా ఆకును నాలుగు మడతలు వేసి తన గుప్పిట్లో పెట్టుకుంది. నా మొహం వైపు కూడా చూడలేదు.

నలుగురు ఆడవాళ్ళూ నమిలారు. ఒకామెది కొంచెం పొడిగా ఉందనిపించినా సరేలే అన్నారు. చివర ఆ అక్క. ఆమె నమలడం మొదలుపెట్టి నా వైపు చూసింది. ఇప్పుడు చెబుతుంది, ఇప్పుడే చెబుతుంది అని నేను పావడ గట్టిగా పట్టుకున్నాను. కమ్మ నా చెవికి చూసింది ఆమె ఒక్కతే. ఒక్క మాట చాలు. ఆ మాట ఆమె అనలేదు. నమిలింది, నమిలింది, ఎంత నమిలినా ఆమె దవడలు ఊరికే ఆడుతున్నాయి. ఉమ్మమన్నారు. ఆకులో పొడిపొడిగా పిండి రాలింది. పెదవులకు అంటుకున్న పిండిని తుడుచుకోవడానికి కూడా ఆమె చెయ్యి లేవలేదు.

వాకిట్లో జనం ఒక్కసారి గుసగుసలాడారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, రాంగనే వణుకుతాండె చూడు అన్నారెవరో. పగ్గం ఉన్నాయన ముందుకు వచ్చాడు. నాకు ఆ స్తంభం కనబడింది, దాని దగ్గర ఈ అక్క కనబడింది, ఆ తర్వాత ఎవరూ పనికి పిలవని ఆమె గడప కనబడింది. అన్నీ కనబడ్డాయి. అయినా నా నోరు లేవలేదు. చింతపండు ఇంకా కొంచెం బుగ్గనే ఉంది.

"ఆగప్పా, నేను మిగిలిండా," అన్నది జేజి.

అందరూ ఆమెను మరచిపోయారు. ఇంటికి పెద్ద, ఆమెకెందుకు అన్నాడు ముసలాయన. జేజి తనే పళ్ళెంలో నుంచి బియ్యం తీసి నోట్లో పోసుకుంది. ఆమెకు ముందు పళ్ళు నాలుగు లేవు, పక్క పళ్ళతో నిదానంగా నమిలింది. వాకిలంతా కదలకుండా చూసింది. ఆకులో ఉమ్మి, దాన్ని అందరికీ కనబడేటట్టు చాపి పట్టుకుంది. పొడిపొడి పిండి. ఆ అక్క ఆకులో ఉన్నట్టే.

చిన్నాయన మొహంలో నెత్తురు లేదు. జేజి అతనితోనే మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"నా నోట్లో గూడా తడి లేదప్పా. పగ్గం తెచ్చినారు గదా, కట్టండి. ఈ ఆడబిడ్డకు ఏమైతాదోనని పొద్దున్నుంచి భయంతో సస్తాండా, ఆమెకు ఎందుకు ఎండిందో నాకూ అందుకే ఎండిండాది. ఆమెను ఎదురుగా పెట్టుకొని మీ అందరి నోళ్ళు తడిగా ఎట్లుండాయో, అదే నాకు తెలీకుండాది."

పగ్గం ఉన్నాయన దాన్ని భుజం మీద నుంచి తీసి వెనక్కు పెట్టుకున్నాడు. అంతటితో ఆగినా ఆ అక్క ఆ పూటకు బయటపడేది. మా ఇంటి పరువూ నిలిచేది. జేజికి అది తెలుసు. ఆమె ఆగలేదు. గుప్పిట్లో ఉన్న మడత ఆకును తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇది నీ ఆకు. నువ్వే విప్పి చూపీ," అన్నది.

ఆ ఆకు విప్పడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. జేజి నా వెనక నిలబడి నా రెండు భుజాల మీద చేతులు వేసింది. పారిపోకుండా పట్టుకుందో, పడిపోకుండా పట్టుకుందో, రెండూనో. కమ్మలు నేను పెట్టుకున్నాను అన్నాను. తేలు, పొట్టు కుప్ప, డబ్బా, చింతపండు, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చేశాయి. ఏడవడం మాట తర్వాత మొదలైంది. చిన్నాయన చెయ్యెత్తాడు. జేజి చేతులు నా భుజాల మీదే ఉన్నాయి, ఎత్తిన చెయ్యి అట్లాగే దిగిపోయింది. ముసలాయన పటం చుట్టుకొని పోయాడు.

జేజి లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. దోసిలి పట్టమనలేదు, చెంబే ఆ అక్క చేతికిచ్చింది. ఆమె నోరు పుక్కిలించి, మిగిలినవి తాగి, చెంబు కింద పెట్టి, కొంగుకు అంటిన పొట్టు దులుపుకొని వెళ్ళిపోయింది. ఎవరి వైపూ చూడలేదు, నా వైపు కూడా.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ ఊరు అంత తేలిగ్గా ఒప్పుకుంటుందా? ముసలమ్మే పిల్లకు నూరిపోసి చెప్పించింది, లేకపోతే కమ్మ ఏదీ అన్నారు. జేజి విని ఊరుకుంది. మర్నాడు పొట్టంతా వీధి అరుగు మీదికి మోయించి, పోయే వాళ్ళూ వచ్చే వాళ్ళూ చూసేటట్టు జల్లెడ పట్టుకొని కూర్చుంది. పక్కన నేను. ఆ పొట్టు దుమ్ముకు కళ్ళు మండేవి, తుమ్ములు వచ్చేవి. మధ్యాహ్నం చిన్నమ్మ కూడా వచ్చి చేట పట్టుకొని కూర్చుంది. రెండో రోజు సాయంత్రం జల్లెడలో ఎర్రరాయి మెరిసింది.

జేజి దాన్ని చిన్నమ్మకు ఇవ్వలేదు. నా చెయ్యి పట్టుకొని నేరుగా చర్చి గేరికి నడిచింది. అరవై ఏళ్ళు ఆ ఊళ్ళోనే బతికిన మనిషి, అటువైపు ఆమె పోవడం అదే మొదలు. దారి అడగాల్సి వచ్చింది. ఆ అక్క ఇంటి ముందు రోట్లో ఏదో దంచుతోంది. జేజి అరచేతిలో కమ్మ చూపించి, దొరికిందమ్మే అన్నది. ఆమె కమ్మ వైపు చూసి, జేజి వైపు చూసి, "దొరక్కపోయింటే అమ్మా?" అన్నది.

జేజి గుప్పిట మూసుకుంది. కొంగుతో మొహం తుడుచుకుంది.

నేను ఏడుస్తూనే అడిగాను, నన్ను చూసి కూడా ఎందుకు చెప్పలేదక్కా అని. ఆమె రోకలి పక్కన పెట్టింది. "నేను చెప్తే ఎవరు నమ్ముతారు పాపా? దొంగతనం చేసి బిడ్డ మీద పెట్టిందంటారు. నమ్మినా, ఆ పగ్గం చూసినాక నిన్ను చూపియ్యబుద్ది గాలేదు," అన్నది. తర్వాత ఒక పక్కకు నవ్వింది. "చింతపండు పెట్టుకుంటివంట గదా. నాకూ ఇంత ఇచ్చింటే పోయేది."

ఆమె తమాషాకే అన్నది. ఆ తమాషాను నేను ఇప్పటిదాకా మోస్తున్నాను. ఆ ఏడు ఆమె మళ్ళీ మా ఇంటికి పనికి రాలేదు. ఎందుకు రావాలి? తర్వాతి ఏడు జేజి పోయి అడిగితే వచ్చింది. చెట్టు నీడ నడుమ కూర్చోమని జేజి చాప వేసింది. అయినా నాకు మూడు గింజల కాయలు మళ్ళీ దొరకలేదు, నేనూ అడగలేదు. ఊళ్ళో ఆ తర్వాత కూడా రెండు మూడు ఇళ్ళలో బియ్యం పెట్టారు. మా ఇంట్లో మాత్రం పెట్టలేదు.

నేను టీచరు ఉద్యోగం చేసి, ఇప్పుడు కర్నూలులో ఉంటున్నాను. నా బళ్ళో పెన్ను పోయినా, టిఫిన్ డబ్బా పోయినా పిల్లల వేళ్ళు ఎప్పుడూ ఒకే రకం పిల్లల వైపు లేచేవి. మొన్న మా కాలనీలో ఎవరిదో ఫోను పోతే పనిమనిషిని గేటు దగ్గర నిలబెట్టి, చూడండి ఎట్లా తడబడుతోందో, ఇదే తీసుంటుంది అన్నారు. బియ్యం లేదు, మంత్రం లేదు, మిగతాదంతా అదే. నేను ఆ గుంపులోకి పోయి ఆమె పక్కన నిలబడ్డాను. ఫోను ఆ రోజు దొరకలేదు. దొరికేదాకా నిలబడటానికే గదా నేను పోయింది, దొరికాక నిలబడే వాళ్ళు ఎంతమందైనా ఉంటారు.

నలుగురు ఒకరి మీద వేలు చూపిస్తున్నప్పుడు నేను ఎదుటి మనిషి మొహం చూడను. ముందు నాలుకతో నా నోరు తడుముకుంటాను. ఎండి ఉంటే సరే. తడిగా ఉంటే, నా బుగ్గన ఎక్కడో ఇంకా చింతపండు ఉందని తెలుసుకుంటాను.